నాకు చెప్పని నొప్పి

ఉదయం ఐదున్నరకు అమీర్‌పేటలో బస్సు దిగాం. సన్నటి వాన. గల్లీ నిండా కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బ్యానర్లు తడిసి వేలాడుతున్నాయి. మేం చేరాల్సింది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. సామాను ఒక చాప, ఫ్లాస్కు, తువ్వాలు. నా భార్య యాదమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ అయి ఏడాది దాటింది. ఎడమ చంక కింద నొప్పి మాత్రం పోలేదు. ఊపిరితో కలిపి నెమ్మదిగా చేసే కసరత్తు నేర్చుకోమని డాక్టరమ్మ ఈ క్లాసుకు పంపింది.

ఫౌజులో చాలా పోస్టులు కాశాను. ఇంత చిన్నతనమైన పోస్టు ఎక్కడా చూడలేదు. లోపలికి రోగులకే ప్రవేశం. నాకు దొరికింది తలుపు బయట, చెప్పుల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ.

టీచరమ్మ మొదటి ఆర్డరు వినిపించింది. "కళ్లు మూసుకోండి. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి, పక్కవాళ్లకి చెప్పండి."

యాదమ్మ పక్కన రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బ్యాంకు ఆఫీసరు. ఆయనది గొంతు క్యాన్సర్. "మీకెక్కడండీ?" అన్నాడు.

"గిక్కడ సార్, చంకల. నిప్పు వెట్టినట్టు మండుతది. రాత్రి ఆ దిక్కు ఒరగరాదు."

బయట కుర్చీలో నాకు ప్రతి మాటా వినిపించింది. ఏడాదిగా రోజూ అడుగుతున్నాను. "మంచిగనే ఉన్న" అనేది. నేను సరిహద్దులో ఉన్నప్పుడు ఫోనులోనూ అదే మాట. పరాయివాడికి చెప్పిన నొప్పి కట్టుకున్నవాడికి చెప్పదా? నాకు కలిగింది అసూయే. దానికి వేరే పేరు పెట్టను.

వానాకాలమంతా అదే డ్యూటీ. "ఏమ్మా, ఇవాళ ఎలా ఉంది?" అని ఆఫీసరు అడగడం, ఆమె పూసగుచ్చినట్టు చెప్పడం. తలుపు సందులోంచి చూసేవాణ్ని. ఇద్దరూ నీళ్లలో ఉన్నట్టు మెల్లగా చేతులు లేపేవారు. ఆయన చెయ్యి సగంలో ఆగితే ఇద్దరూ నవ్వుకునేవారు. ఆఖరికి, నాకూ మోకాలు నొప్పి అని టీచరమ్మతో చెప్పి చూశాను.

"దానికి వేరే డాక్టరుంటారండీ," అంది.

తిరుగు బస్సులో యాదమ్మను అడిగాను. "ఇయ్యాల ఎట్లుంది?"

"మంచిగనే ఉన్న. మీరు ఫికర్ చెయ్యకుర్రి."

చివరి రోజుకు ఆమె చెయ్యి జడ వేసుకునేంత పైకి లేచింది. నొప్పి తగ్గింది కానీ పోలేదు. పంజాగుట్ట దాకా నడిచి బస్సెక్కుదామంది. చౌరస్తాలో ఆటో మీదికొస్తుంటే ఆమె ఎడమ చెయ్యి పట్టి డివైడర్ మీదికి లాగాను.

"అయ్యో, గా చెయ్యి గుంజకుర్రి! చంకల నుంచి వేళ్ల దాక సలుపుతది. ఎన్నిసార్లు జెప్పాలె మీకు?"

ఒక్కసారీ చెప్పలేదు. క్లాసులో వాళ్లకు చెప్పీ చెప్పీ నాకూ చెప్పాననుకుంది.

"మళ్ల జెప్పు," అన్నాను. "ఎక్కడ?"

ఎన్నేళ్లయినా కళ్ల ముందు నుంచి పోనిది అదొక్కటే. నాలుగు దిక్కులా హారన్లు, డివైడర్ మీద తడిసిన చీరలో యాదమ్మ. కోపంగా నా చెయ్యి లాక్కుని, తన పక్కటెముకల మీద పెట్టుకుని, "గిక్కడ" అంది.