నక్షత్రానికి పట్టిన గ్రహణం

ఆరో నెలలో డాక్టరు మంచం దిగవద్దన్నది. అంతకు ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది కనుక ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. సుబేదారిలోని మా ఇంట్లో మధ్యాహ్నాలు నీళ్ళలో మునిగినట్టుండేవి. మా ఆయన ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి ఘాటుతో తిరిగొచ్చేదాకా నేనూ, అత్తమ్మా, తిరిగే ఫ్యానూ.

పొద్దుపోక ల్యాప్‌టాప్‌లో నక్షత్రాలను చూడడం మొదలుపెట్టాను. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు ఒక్కో నక్షత్రం వెలుగును కొలిచి పంపుతుంది. ఆ వెలుగు చుక్కల వరుసగా తెరమీద సాగుతుంది. ఏదైనా గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా పోతే ఆ వరుస కాస్త కుంగుతుంది. దాన్ని గుర్తుపట్టి చెప్పడానికి నాలాంటి మామూలు వాళ్ళనూ రానిస్తారు. నాకు అదొక మత్తు. కళ్ళు మూసుకున్నా చుక్కలు సాగుతూనే ఉండేవి. బిడ్డ కదిలితే ఏ లోకంలో కదిలిందో ఒక క్షణం తెలిసేది కాదు.

ఒకరోజు చక్కటి కుంగుడు దొరికింది, మళ్ళీ మళ్ళీ ఒకే ఎడంతో. ఆనందం పట్టలేక అత్తమ్మను పిలిచి చూపించాను. గ్రహం అడ్డమొచ్చి వెలుగు తగ్గిందని చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

“అంటే గ్రహణమే గద బిడ్డా. కడుపుతోటి ఉండి గ్రహణం చూస్తానవా?”

ల్యాప్‌టాప్ మూసేసి, వంటింట్లోకి పోయి పచ్చడి జాడీల మీద, పెరుగు గిన్నె మీద గరిక వేసి వచ్చింది. ఎక్కడి నక్షత్రం, ఎక్కడి మా పెరుగు గిన్నె! నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. పోయినసారి గ్రహణం నాడు నేను పెరట్లోకి వెళ్ళాను. ఆ తర్వాతే బిడ్డ పోయింది. అది మనసులో పెట్టుకునే ఆమె నాతో ముభావంగా ఉంటున్నదని ఇన్నాళ్ళూ నా అనుమానం.

ఆ వెలుగు బయలుదేరి ఎన్నో ఏండ్లయిందని, ఆ గ్రహణం ఎప్పుడో విడిచిపోయిందని కసిరినట్టే చెప్పాను. ఇడిశిందా అని అడిగి, మంచం అంచున కూర్చుంది.

“ఆ దినం కల్యమాకు తెమ్మని నిన్ను పెరట్లకు తోలింది నేనే. గ్రహణం సంగతి యాదికే లేదు. ఆ బిడ్డను నేనే మింగిన.”

పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర నిలబడ్డట్టు గుర్తుందే తప్ప, నన్ను ఎవరు పంపారో నాకు గుర్తే లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. బిడ్డ గుండె మొదటి నుంచే సరిగ్గా ఏర్పడలేదని, అందులో ఎవరి తప్పూ లేదని డాక్టరు అప్పుడే నాతో అన్నదని చెప్పాను.

అత్తమ్మ ఏడవలేదు. నా చేతిలో చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూసింది.

“ఆ మాట నాకు గూడ అప్పుడే చెప్పకపోతివి బిడ్డా.”