పటేలు గేటుకు కట్టిన బోర్డు

ఆ రోజుల్లో పదిమందిలో అన్న మాటకు బరువుండేది అంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను, అందుకే మోసపోయాను. మా బీడీల గుంపులో ఎవరైనా "బోనాలకు నా వంతు సోలెడు బియ్యం" అని నోటితో అంటే ఆ బియ్యం గంపలో పడ్డట్టే లెక్క. మైకులో అన్న మాట అంతకంటే గట్టిదనుకున్నాం, ఊరంతటికీ వినబడుతుంది గదా. నోటి మాట కంటే మైకు మాటే తేలికని తెలుసుకోవడానికి నాకు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. ఇప్పుడు నాకు అరవై దాటింది. అక్షరాలు నేర్చుకున్నది ముప్పై అయిదో ఏట, మా చిన్నబిడ్డ పలక గుంజుకొని. కాబట్టి నా రాతలో వంకరలుంటాయి, సర్దుకోండి. కోపానికి మాత్రం వంకర లేదు. అది ఇప్పటికీ నిటారుగానే ఉంది.

చెన్నూరు నుంచి మంచిర్యాల పోయే తోవలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో ఆడవాళ్లకు కరెంటు మోటార్లు బాగుచేయడం, కాలిపోయిన మోటారుకు మళ్లీ రాగితీగ చుట్టడం నేర్పే బడి పెట్టారు. (ఆడవాళ్లకు కుట్టుమిషన్లు నేర్పాలి గాని మోటార్లేమిటని ఊరు ఊరంతా నవ్వింది. అదే ఊరు ఎండాకాలం వస్తే ఇంటికొక మోటారు కాలబెట్టుకొని ఏడ్చేది. ఏడుపు మధ్యలో కూడా నవ్వడానికి తీరిక దొరికేది వాళ్లకు.) పన్నెండు మందిమి చేరాం. నేర్పేది బెల్లంపల్లి బొగ్గు గనుల్లో కరెంటు పని చేసి దిగిపోయిన ఒక పెద్దాయన. గని మాస్టరు అనేవాళ్లం. చేతిలో పనిమంతుడు, నోట్లో మాట తక్కువ. బడికి సామాన్లు లేవు, ఆయన సొంత సంచీయే బడి. పన్నెండు మందికి ఒక్క పానాల జత, ఒక్క పట్టకారు, ఒక్క సుత్తె, మోటారు ఇరుసు నుంచి బేరింగు గుంజే మూడు కాళ్ల పుల్లరు ఒక్కటి. ఒకరు పని చేస్తుంటే పదకొండు మందిమి పెళ్లిలో వంట చూసినట్టు చుట్టూ నిలబడి చూసేవాళ్లం. చూస్తే కడుపు నిండుతుందా?

నాకు ఆ పని చేతికి రావడం చావు బతుకుల సంగతి. పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టాను. చాట ఒడిలో పెట్టుకొని, నడుము వంచి, పొద్దంతా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అందులో కూడా తంబాకు వాసన. బడికి పోతానంటే, మా ఇంటాయన మస్కట్‌లో ఉన్నాడు గనుక, తీర్పు మా అత్త చెప్పింది.

"దసరా దాకా ఇస్తున్న పిల్లా. పని చేతికొస్తె సరే. రాకుంటె నోరు మూసుకొని మల్ల చాట ముందలేసుకో. మోటరు గీటరు అని ఇంకోపారి అన్నవంటె ఊకోను."

దసరా కాగానే పరీక్షకు పట్నం నుంచి అధికారి వస్తాడు. ఒక్కొక్కరు ఒక మోటారు విప్పి, తీగ చుట్టి, మళ్లీ బిగించి, తిప్పి చూపాలి. వారంలో ఒక్కసారి పానా పట్టిన చేతులతో అది అయ్యే పనేనా?

బడికి ఒక కార్యదర్శి సారు ఉండేవాడు. చాలా మంచివాడు. అదే ఆయన రోగం. సామాన్ల కోసం చందాలు అడుగుదామని మేమంటే తల అడ్డంగా ఊపి, "అడిగితే ఇయ్యరమ్మా. ముందుగాల గౌరవం చెయ్యాలె. గౌరవం చేస్తె వాళ్లే ఇస్తరు" అన్నాడు. రైసుమిల్లు పటేలును సన్మానానికి పిలిచాడు. శాలువాకు, దండకు మేం పన్నెండు మందిమి తలా ఒక దినం బీడీల కూలి వేసుకున్నాం. పటేలు చెప్పిన వేళకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. తను బురదలో పుట్టి బురదలో పెరిగిన సంగతి చాలాసేపు చెప్పాడు (బురదలో దిగింది ఆయన జీతగాళ్లని కింద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు). ఆఖరుకు మైకు గట్టిగా పట్టుకున్నాడు.

"గీ పన్నెండు మంది నా తోడబుట్టినోళ్లు. ఒక్కొక్క చెల్లెకు ఒక్కొక్క డబ్బ. పానాలు, పట్టకార్లు, పుల్లరు, అన్ని. గిది నా మాట."

ఆ గుంపులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. కొట్టీ కొట్టీ రెండు గాజులు పగలగొట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ రెండు చేతులను గూటానికి కట్టేయాలనిపిస్తుంది.

వారం తిరక్కముందే వచ్చింది. సామాన్లు కాదు, బోర్డు. కార్యదర్శి సారు రేకు మీద నీలం రంగుతో రాయించి బడి తలుపు మీద కొట్టించాడు. నాకు చదువు రాదు గనుక ఆయనే చదివి వినిపించాడు. పైన పెద్దగా "పనిముట్ల మహాదాత" అని, కింద పటేలు పేరు. నేను మళ్లీ మురిసిపోయాను.

తర్వాత మిల్లు చుట్టూ తిరుగుడు మొదలైంది. నేనూ, నాతో బడికొచ్చే పొట్టక్కా. (మనిషి పొట్టి, నాలుక పొడుగు.)

"పటేలా, మా సామాన్లు..."

"ఏం సామాన్లు?"

"మైకుల అన్నరు గదా."

"అన్న. నేనేడికి పోత, మీరేడికి పోతరు? వడ్ల సీజన్ నడుస్తుంది, జర అయిపోనీ."

సీజన్ అయిపోయింది. మిల్లు రిపేరు ఉందన్నాడు. రిపేరూ అయింది. ఇంకోసారి పోతే, "ఇయ్యాల శనివారం. శనివారం ఇనుము కొంటరానే ఎవలన్న?" అని మమ్మల్నే తప్పు పట్టాడు.

"అయితె సోమవారం కొనుండ్రి పటేలా" అంది పొట్టక్క.

"సోమవారం నేను ఊర్లె ఉండ."

"మంగళవారం?"

"మంగళవారం ఎవలన్న పైస బయటికి తీస్తరా?"

"బుధవారానికి కూడ ఏదన్న ఉన్నదా పటేలా, ఇప్పుడే చెప్పుండ్రి. మాకు నడిచొచ్చుడు తప్పుతది."

ఆ మాటకు మమ్మల్ని మిల్లు గడప దిగమన్నాడు. ఇంటికొస్తే అత్త, "దసరాకు ఇంకెన్ని దినాలున్నయే?" అని ఏమీ ఎరగనట్టు అడిగేది. చాట దులిపి గోడకు ఆనించి పెట్టింది, నాకు కనబడేటట్టు.

దసరా ఇంకో ఇరవై దినాలుందనగా ఒక పొద్దున, భుజాన నిచ్చెన, చేతిలో రంగు డబ్బాతో ఒక మనిషి బడికి వచ్చాడు.

"పటేలు పంపిండు" అన్నాడు.

నేను అతని వెనక బండి కోసం చూశాను. "సామాన్లేవి?"

"ఏం సామాన్లక్కా? బోర్డు మీద అక్షరాలు చిన్నగున్నయంట. బస్సులకెళ్లి కనవడ్తలేవంట. పెద్దగ రాయమన్నడు."

ఆ క్షణాన నాకు ఏమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అతని నిచ్చెనే ఎక్కాను. బడికున్న ఒక్క సుత్తె అందుకొని, దాని వెనక కొసతో నాలుగు మేకులు పీకాను. (గని మాస్టరు కింద నిలబడి, "కొస కింద చెక్క పెట్టు, రేకు వంగుతది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అంతవరకే.) చుట్టబట్ట పెట్టి బోర్డు తలకెత్తుకున్నాను. కార్యదర్శి సారు వెనక నుంచి, "వద్దమ్మా, పెద్దమనిషి, మనసు నొచ్చుకుంటడు" అని బతిమాలుతూ కొంత దూరం వచ్చి, ఎండకు తట్టుకోలేక ఆగిపోయాడు. పటేలు ఊరు రెండు మైళ్లు. తోవలో గొర్లు కాసే ముసలాయన అడిగాడు.

"యాడికి బిడ్డా, గా తలుపు మోసుకొని?"

"తలుపు కాదు మామా, పటేలు మాట. బడిల పెట్టుకుంటె కూడు పెడ్తలేదు, వాపసియ్యబోతున్న."

ఇంట్లో పటేలు లేడు. భార్య వచ్చింది. "ఆయన కరీంనగర్ పోయిండు. ఆడ ఇంకో సన్మానమంట" అంది.

"గిది మీది అమ్మా. మీది మా దగ్గర ఉంటె దొంగతనమైతది. తీసుకోండ్రి."

ఆమె బోర్డు చదివింది. నన్ను చూసింది. మళ్లీ చదివింది. ఆ ముఖంలో ఏదో కదిలింది గాని నాకు అర్థం కాలేదు. "లోపల జాగ లేదు పిల్లా. గేటుకు కట్టిపో, మంచిగ కనవడ్తది" అని, ఇంట్లోకి పోయి కట్టుతీగ కూడా తనే తెచ్చిచ్చింది. నేను నాలుగు మూలలా గట్టిగా మెలిపెట్టి కట్టి వచ్చేశాను.

సగం తోవలో కోపం దిగి భయం ఎక్కింది. మా పొలం వడ్లు పోయేది ఆ మిల్లుకే. అత్తకు అప్పటికే కబురు చేరింది. తిట్టలేదు, అదే భయం. "తిన్నింటి వాసాలు పీకినవా, తినని ఇంటివా?" అని మాత్రం అడిగి, చాట తెచ్చి నా ముందు పెట్టింది. మర్నాడు బడికి పోలేదు. తునికాకు కత్తిరిస్తూ కూర్చున్నాను. అంత పౌరుషం చూపించిన మనిషిని, మర్నాటికి బీడీకి దారం చుడుతూ ముక్కు చీదుకుంటున్నాను.

నాలుగో దినం పొట్టక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుంది.

"ఓ వదినె, పటేలు గేటు కాడ లైనున్నదే. పనిముట్లు ఇస్తుండంట."

"ఎవలు చెప్పిండ్రు?"

"నువ్వు కట్టిన బోర్డే చెప్పింది. సెలూను తాత మిషన్ కత్తెర కావాల్నని కూసున్నడు. ఇద్దరు గడ్డపారలకొచ్చిండ్రు. భజనోళ్లు తాళాలడుగుతుండ్రు. ఒగాయిన ట్రాక్టరు చక్రమే అడిగిండు."

"బోర్డు పీకేయమనొచ్చు గదా."

"పీకేయబోయిండే. సెలూను తాత అడ్డం పడి, ‘ఏం పటేలా, దానం మీద మనసు విరిగిందా?’ అని బజారంత వినవడేటట్టు అడిగిండు. చెయ్యి ఎనుకకు తీసుకున్నడు."

అప్పుడర్థమైంది నాకు, ఆ తల్లి కట్టుతీగ ఎందుకు తెచ్చిచ్చిందో. బడి తలుపు మీద ఉంటే అది పొగడ్త. ఇంటి గేటు మీద ఉంటే అది దండోరా. నేను ఇవేవీ ఎరగను. వాపసివ్వాలన్న కోపం తప్ప నా బుర్రలో ఏ ఉపాయమూ లేదు. (ఊరు మాత్రం ఈనాటికీ నన్ను పెద్ద ఉపాయగత్తె అనుకుంటుంది. నేనూ కాదనలేదు.)

సాయంత్రం పటేలు పిలిపించాడు. అరుగు మీద కూర్చున్నాడు, కళ్లెర్రగా.

"ఎవలు కట్టమన్నరు నిన్ను?"

స్తంభం పక్కన నిలబడ్డ ఆయన భార్య కొంగు సర్దుకుంటూ ఆకాశం చూసింది.

"మీది మీకిచ్చిన పటేలా. నాకు చదువు రాదు."

"తీస్కపో దాన్ని."

"ఒట్టి బోర్డు మొయ్య. దాని మీద రాసినయన్ని ఉంటె మోస్త."

"ఏమన్నవ్?"

నేను మళ్లీ అనేలోపే గేటు బయట నుంచి ఎవరో పిలిచారు. "పటేలా, ఇక్కడ పారలిస్తున్నరంట, నిజమేనా?" ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసుకొనే, లోపలికి కేకేసి ట్రాక్టరు డ్రైవరును పిలవమన్నాడు.

రెండో దినం మంచిర్యాల నుంచి సామాన్లు వచ్చాయి. పన్నెండు డబ్బాలన్నవాడు ఆరే ఇచ్చాడు. అయినా కొత్తవి, గట్టివి. ట్రాక్టరులో డబ్బాల పక్కన బోర్డు పెట్టుకొని నేనూ కూర్చున్నాను. ఇక్కడితో నా కోపం చల్లారాలి గదా? లేదు. కార్యదర్శి సారు కృతజ్ఞత సభ పెట్టాడు. పటేలుకు రెండో శాలువా. కప్పే పని నాకే అప్పజెప్పాడు, "మనసు కలుస్తదమ్మా" అని. నేను శాలువా పట్టుకొని నిలబడితే పొట్టక్క చెవిలో, "మెడ కాడ జర గట్టిగ చుట్టు" అంది. ఊరు చప్పట్లు కొట్టింది. రెండు మైళ్లు ఎండలో రేకు మోసిన తలను ఎవరూ చూడలేదు, ఇచ్చిన చేయి ఎంత పెద్దదో అని మురిశారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో మండుతాయి.

మిగిలిన పదిహేను దినాలు ఇద్దరికొక డబ్బా. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా విప్పాం, బిగించాం. పరీక్షలో అధికారి నా ముందు ఆగి, "కాయిలుకు ఎన్ని చుట్లు వేశావమ్మా?" అని అడిగాడు. "మూడు కట్టల మీద అయిదు, సారు" అన్నాను. ఆయన తెల్లముఖం వేశాడు. గని మాస్టరు నేల చూస్తూ చెప్పాడు, "బీడీల కట్టకు ఇరవై అయిదు సార్. ఎనభై చుట్లు. నేను చెప్పింది ఎనభయ్యే." మీట నొక్కారు. మోటారు ఒక్కసారి గురగురమని, తర్వాత మెత్తగా తిరిగింది. ఆ చప్పుడు వింటూ నేను ఎంతసేపు నిలబడ్డానో, పక్కకు జరగమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందట.

ఇంటికి పోతే అత్త అడిగింది, "అయిందా?"

"అయింది."

"సరే. రేపట్నించి ఆ చాటల నేను బియ్యం చెరుగుకుంట."

ఆ పనే ముప్పై ఏళ్లు నా ఇల్లు నడిపింది. అంతా బాగానే ఉంది. మొన్ననే అదే బడి పిల్లలు వచ్చి, కొత్త మీటర్లు, సామాన్లు కావాలి, ఒక పెద్దమనిషి ఇంటికి నువ్వు పోతే కాదనడు అమ్మమ్మా అని నన్ను పంపారు. పోయాను. సోఫాలో కూర్చోబెట్టారు. చాయ్ ఇచ్చారు, కాజూ పెట్టారు. మోకాళ్ల నొప్పి గురించి అడిగారు. ఇల్లు బాగుంది బాబూ అన్నాను, పిల్లలు బాగున్నారా అన్నాను, రెండు చేతులెత్తి దండం పెట్టి బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చొని చెప్పులేసుకుంటుంటే అప్పుడు తెలిసింది, వచ్చిన సంగతి అడగనే లేదని. మర్యాద ముసలితనంతో పాటు ఎప్పుడు వచ్చి ఒంట్లో కూర్చుందో. ఆ రోడ్డు మీద రేకు మోసుకొని నడిచిన పిల్ల ఇప్పుడెదురైతే నన్ను పలకరించకుండా పోయేది. కార్యదర్శి సారు మనిషి అనుకునేది. నాలో నేనే చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వు అయ్యాక ఒళ్లు మండింది, చాలా ఏళ్ల తర్వాత.

మోకాలు పట్టుకొని లేచాను. చెప్పులు విప్పాను. మళ్లీ లోపలికి పోయాను.