కృష్ణలో కలిపిన కంచు పిల్ల

మా తమ్ముడు బుల్లయ్య బతుకంతా మిరపకాయల లారీ తోలాడు. గుంటూరు యార్డులో టిక్కీలు, అదే మిరప బస్తాలు, ఎక్కించుకున్నాడంటే కలకత్తా, బొంబాయి, కొచ్చిన్, ఓడలు ఆగే ప్రతి ఊరూ వాడికి మా వీధి చివర కొట్టంత దగ్గర. తోటి డ్రైవర్లు తిరిగొచ్చేటప్పుడు పెళ్ళాలకు చీరలు తెచ్చేవాళ్ళు. కొందరు రోగాలు తెచ్చేవాళ్ళు. వీడు కంచు బొమ్మలు తెచ్చేవాడు.

ఖాళీ గోతాల్లో చుట్టి, సీటు వెనక పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టుకుని తెచ్చేవాడు. మూట విప్పితే ముందు మిరప ఘాటు, తర్వాత దేవుడు. బర్మా బుద్ధుడు మా ఇంట అడుగుపెట్టిన రోజున ఇంటిల్లిపాదీ తుమ్మి తుమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. ఆయనొక్కడే చలించలేదు. ఆ తర్వాత చైనావాళ్ళ సాంబ్రాణి కుండ వచ్చింది, మూతమీద సింహం కూర్చుని ఉంటుంది. జపాను కొంగ వచ్చింది. ఫ్రాన్సు దేశపు కొవ్వొత్తి స్తంభాలు వచ్చాయి, వాటిని మోస్తున్న ఆడవాళ్ళకి ఒంటిమీద సరిగ్గా బట్టలుండవు. నేను చెంగుతో కప్పబోతే, "అక్కా, వాళ్ళకి లేని సిగ్గు నీకెందుకు?" అని నవ్వాడు.

ఏటుకూరు రోడ్డులో వాడిది రెండు గదుల ఇల్లు. పక్క వాటాలో నేను. పిల్లల్లేరు వాడికి. ఉన్న రెండు గదుల్లో మనుషులకంటే కంచే ఎక్కువ. మంచం కింద, బియ్యం డబ్బా మీద, టీవీ పక్కన. వాడి భార్య సుబ్బరావమ్మ నోరు నా నోటికి తీసిపోదు. "లారీ అమ్మి వీళ్ళందరికీ గుడి కట్టించండి. నేను బయట చెప్పులకి కాపలా కూర్చుంటాను, నాలుగు డబ్బులన్నా కళ్ళ చూస్తాను" అనేది. వాడు పెట్టిన కట్టడి ఒక్కటే: చింతపండు పెట్టి తోమకూడదు. ఆ నలుపూ ఆ పచ్చదనమూ వాటి వయసు, తోమితే పోతుంది అనేవాడు.

"అయితే ఆ చింతపండేదో నా మొహానికి పెట్టి తోమండి" అనేది సుబ్బరావమ్మ.

అంత మాట అన్నా, వాడు లారీ మీద పోయినన్నాళ్ళూ పొడిగుడ్డతో ప్రతి బొమ్మనీ తుడిచేది. అది నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. తర్వాత జరిగింది విని ఆమెని రాక్షసి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక ఆ పిల్ల సంగతి. చీరాల వైపు పొగాకు దొరలుండిన పాత బంగళా ఒకటి కూలగొడుతూ సామాను అమ్మకానికి పెట్టారు. కుర్చీల కోసం, టేకు తలుపుల కోసం జనం కొట్టుకుంటుంటే మావాడు చెత్తకుప్పలోంచి మూరెడు పొడుగు కంచు పిల్లని ఏరుకొచ్చాడు. దొరల పిల్ల. గౌను గాలికి ఎగురుతూ ఉంటుంది. ఒక కాలు నేలమీద, ఒక కాలు గాల్లో. ఎవరో చెయ్యి పట్టి లాగుతుంటే నవ్వుతూ వెనక్కి వాలినట్టు ఉంటుంది. అలా పట్టి లాగడానికి ఆ చెయ్యే లేదు దానికి. కుడి మణికట్టు దగ్గర విరిగిపోయి ఉంది.

"ఒరేయ్, అవిటిదాన్ని తెచ్చావేంరా?" అన్నాను.

"అక్కా, ఒంటరిగా ఎవరన్నా ఇలా వాలి నిలబడతారా? పడిపోరూ? దీనికి జోడు ఉంది. వాడెక్కడో ఉన్నాడు."

అది మొదలు. ఏ ఊరు పోయినా పాత సామాను కొట్ల వాళ్ళకి దాని ఫొటో చూపించి, దీని జోడు మీ దగ్గరికొస్తే కబురు చెయ్యండి అని చెప్పి వచ్చేవాడు. ముందు అట్ట ఫొటో, తర్వాత సెల్లులో ఫొటో. వాడి దగ్గర క్లీనరుగా చేరి, తర్వాత సొంత లారీ కొనుక్కున్న సుభానీ అయితే, "బుల్లయ్యన్నా, మా చెల్లెలికి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఇంత తిరగలేదు" అని ఆటపట్టించేవాడు. వాడికి పౌరుషం వచ్చేది కాదు. నిజంగానే సంబంధం చూస్తున్న తండ్రిలా నవ్వేవాడు. లారీ అమ్మేశాక కూడా, పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మానలేదు.

పోయినేడు వాడికి గుండెలో స్టెంటు వేశారు. ఈ ఎండాకాలంలో మళ్ళీ కళ్ళు తిరిగి పెరట్లో పడ్డాడు. సుబ్బరావమ్మ హడలిపోయింది. డాక్టరు ఇచ్చిన మందులు చాలవని ఇల్లు చూపించడానికి ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించింది. ఆయన తూర్పు చూశాడు, పడమర చూశాడు, మంచినీళ్ళు తాగాడు, చివరికి ఆ పిల్ల ముందు ఆగాడు. "అమ్మా, భిన్నమైన విగ్రహం ఇంట్లో ఉంది. యజమానికి ప్రాణగండం" అన్నాడు.

ఆ ఆచారం నేనెరగనిది కాదు. మా అత్తగారింట వినాయకుడి తొండం విరిగితే మేమూ పసుపు కుంకుమ పెట్టి కాలవలో కలిపాం. విరిగిన దేవుణ్ణి ఇంట్లో ఉంచుకోరు. కానీ అది దేవుడికి. గంతులేసే దొరల పిల్లకి ఆ శాస్త్రం ఎందుకు పట్టాలి? ఈ ముక్క సిద్ధాంతి మొహాన అడుగుదును, ఆ రోజు నేనక్కడ లేకపోయాను.

సుబ్బరావమ్మ మొగుడితో ఒక్కసారి అని చూసింది. "పిచ్చిదానా, జోడు దొరికితే గండాలన్నీ అవే పోతాయి" అని కొట్టిపారేశాడు. శ్రావణంలో నిజంగానే కబురొచ్చింది. కొచ్చిన్ కొట్టువాడు ఫొటో పంపాడు. టోపీ పెట్టుకున్న పిల్లాడు, మోకాళ్ళు వంచి, చెయ్యి చాచి ఎవర్నో లాగుతున్నాడు. పొగాకు కంపెనీలో పనిచేసిన ఒక దొర ఇంటి సామాన్లో వచ్చిందట. ఆ ఫొటో చూసి మా తమ్ముడు ఏడ్చాడు. పెళ్ళాం వద్దన్నా వినకుండా, సుభానీని తోడు తీసుకుని రైలెక్కాడు.

నేను చీమకుర్తిలో మా వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళి ఉన్నాను. సుబ్బరావమ్మ ఫోను చేసింది.

"వదినా, దాన్ని సాగనంపేశాను."

"దేన్నే?"

"ఆ పిల్లని. అమరావతి వెళ్ళి పడవ మాట్లాడుకుని నడి కృష్ణలో కలిపాను. ఊరికే పారెయ్యలేదు వదినా. పాలతో కడిగాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చుట్టి, ఒడిబియ్యం పోశాను. ఆయన ప్రాణం నాకు దక్కితే చాలు. జోడు వస్తున్నాడుగా, ఆ ఒక్కణ్ణీ చూసుకుంటారు. వాడికి చేతులు బాగానే ఉన్నాయి, ఫొటోలో చూశాను."

తమ్ముడి నంబరు నొక్కబోయి ఆగిపోయాను. రైల్లో ఉన్నవాడికి, గుండెలో తీగ పెట్టించుకున్నవాడికి ఫోనులో ఏమని చెబుతాం? మర్నాడు వాడు దిగేవేళకి నేనూ గుంటూరు చేరాను.

ఆటో ఇంటి ముందు ఆగక ముందే కేక. "ఏమేవ్ సుబ్బులూ! హారతి పళ్ళెం పట్రా, అల్లుడొచ్చాడు!"

సుభానీ గోతం మూట వరండాలో దించాడు. ఎప్పటి అలవాటో, కొచ్చిన్ నుంచి కూడా మిరపకాయల గోతంలోనే చుట్టుకొచ్చారు. మా తమ్ముడు చెప్పులు కూడా విప్పకుండా కింద కూలబడి ముడి విప్పాడు. పిల్లాడు బయటపడ్డాడు. చాచిన చెయ్యి, పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిట్లో ఇంకో చెయ్యి ఉంది. చిన్నది, మణికట్టు దాకా, సన్నటి వేళ్ళతో. ఫొటోలో అది వాడి పిడికిలితో కలిసిపోయి ముద్దలా కనిపించింది, మాకెవరికీ తెలియలేదు.

"చూశావా అక్కాయ్! దాని చెయ్యి వీడు వదల్లేదు. దాన్ని విడదీసి లాక్కుపోయారు గానీ వీడు మాత్రం వదల్లేదు." చిన్నపిల్లాడిలా నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. పిల్ల ఉండే చోట చైనా సాంబ్రాణి కుండ జరిపి పెట్టి ఉంది.

"పిల్లేదే?"

"సాగనంపానండీ."

"ఎక్కడికి, అత్తారింటికా?" అని నవ్వాడు. ఎగతాళి అనుకున్నాడు వెర్రివాడు.

"కృష్ణలో." చెప్పేసి సుబ్బరావమ్మ గోడకి ఆనుకుంది. వరండాలో పిల్లాడి పిడికిలి ఆమె కూడా చూసింది మరి. రెండు చేతులతో నోరు మూసుకుంది.

మా తమ్ముడు తిట్టలేదు. "ఎక్కడ వదిలావో చూపించు" అన్నాడు, అంతే. అదే ఆటోలో అందరం బయల్దేరాం.

పైన ఆనకట్ట గేట్లెత్తారు. అమరావతి దగ్గర నది ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది. పడవవాడు ఒకచోట చూపించాడు. సుబ్బరావమ్మ, "కాదు, ఇంకా అవతల" అంది. పడవ అక్కడికి పోతే, "కాదేమో, గుడి ఇంకా ఎడంగా కనపడింది" అంది. నీళ్ళమీద గుర్తు ఎవరు పెట్టుకుంటారు? జాలర్లు వలలు దింపారు. చెట్టుకొమ్మలొచ్చాయి, ఎవరో కలిపిన పూజ గుడ్డలొచ్చాయి. ఒకడు పెద్ద అయస్కాంతం తాడు కట్టి తెచ్చాడు. సుభానీ వాడి భుజం మీద చెయ్యేసి, "కంచుకి అది అంటదు తమ్ముడూ" అని మెల్లిగా చెప్పాడు. వరద తగ్గాక మళ్ళీ వెళ్ళారు. అప్పటికి అక్కడ కొత్త ఇసుక మేట వేసింది. దాని కింద ఉందో, బ్యారేజీ దాకా దొర్లుకుంటూ పోయిందో.

సుబ్బరావమ్మ నా వాటాకి వచ్చి కూర్చుని ఏడ్చేది. "ఒక్క మాట అనరు వదినా. నాలుగు తిట్టినా, చెయ్యి చేసుకున్నా బాగుండును. మందులిస్తే వేసుకుంటారు. అన్నం పెడితే తింటారు. నా ముఖం మాత్రం చూడరు."

"ఏమని తిడతాడే? వాడి ప్రాణం కోసం చేశావు. అదే కదా వాడి గొంతులో అడ్డం పడింది" అన్నాను. నాకు తెలిసిన ఓదార్పు అంతే.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున్న వాడు వరండాలో ఉండగా నేను అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. సుబ్బరావమ్మ ఆ పిల్లాణ్ణి గుడ్డతో ఎత్తుకుని వచ్చి వాడి ముందు నిలబడింది. పాపం, రాత్రుళ్ళు ఆలోచించి ఆలోచించి ఆ మాట తయారుచేసుకున్నట్టుంది.

"ఏవండీ, వీణ్ణి కూడా అక్కడే కలుపుదాం. ఆ నీళ్ళలోనే. ఎప్పటికన్నా కలుసుకుంటారు."

వాడు తల ఎత్తాడు. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"బొమ్మలు నడవవు సుబ్బులూ."

పిల్లాణ్ణి ఆమె చేతుల్లోంచి తీసుకుని, గోతంలో చుట్టి, మంచం కిందికి తోశాడు. ఆ తర్వాత వాడు కొత్తది ఏదీ తేలేదు. ఉన్నవాటి ముందు కుర్చీ వేసుకోలేదు. కొట్లవాళ్ళు ఫొటోలు పంపితే సెల్లు తీసి చూడను కూడా చూడడు. పొద్దున్నే యార్డుకి పోయి, ఎవరి లారీ నీడనో కూర్చుని వస్తాడు.

సుబ్బరావమ్మ ఇప్పటికీ పొడిగుడ్డతో అన్నిటినీ తుడుస్తుంది. మొన్న నేను అక్కడే మళ్ళీ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని ఉండగా, తుడుస్తూ తుడుస్తూ, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగింది. "ఈ కొంగ ఏ ఊరిదండీ?"

వాడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. "ఏ ఊరిదైతే ఏముంది" అని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె గుడ్డ చేత్తో పట్టుకుని నావైపు చూసింది. నేను చిక్కుడుకాయల వైపు చూశాను. అవి ఎప్పుడో ఒలిచేసినవి.