తప్పిపోయినవాళ్ళు నిలబడే చోటు

నా చిన్నప్పుడు రేపల్లె మీదుగా విమానం పోయిందంటే మాకు పండగే. పిల్లలమంతా పలకలు పడేసి వీధిలోకి పరుగెత్తి, మెడలు నొప్పిపుట్టేదాకా పైకి చూసేవాళ్ళం. పక్కింటి పిన్ని కూడా గుమ్మంలోకి వచ్చేది. అయితే ఆవిడ పైకి చూసేది కాదు. స్టేషన్ వైపు నుంచి మా వీధిలోకి తిరిగే మలుపును చూసేది. మోత ఆగిపోయాక కూడా కాసేపు అలాగే చూసి, తల మీద కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళేది.

వాళ్ళు ముస్లింలు. పిన్ని మామగారికి బజార్లో గాజుల కొట్టు. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఉందన్న మాటే గాని, కూరగిన్నెలకు అది ఎన్నడూ అడ్డం రాలేదు. పిన్ని భర్త పెళ్ళయిన కొత్తలోనే యుద్ధంలోకి వెళ్ళాడట. బాంబులు వేసే విమానంలో వైర్‌లెస్ పని. సెలవుకి వచ్చినప్పుడల్లా తోటివాళ్ళ కబుర్లే చెప్పేవాడట. ఆ విమానం నడిపే తెల్లకుర్రాడు మిరపకాయ బజ్జీ తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇంకోటి అడిగాడట. పిన్ని నాకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నవ్వేది, నవ్వుతూ నవ్వుతూ ఊరుకునేది.

ఆ విమానం ఒకరోజు సముద్రం మీదికి వెళ్ళింది, మరి తిరిగి రాలేదు. అందులో ఉన్నవాళ్ళెవరూ రాలేదు. ఇంటికి ఇంగ్లీషులో టెలిగ్రాం వచ్చింది. స్టేషన్ మాస్టారు చదివి, "తప్పిపోయాడమ్మా" అన్నాడట. ఉన్న ముక్కే చెప్పాడో, జాలిపడి అలా చెప్పాడో ఆయనకే తెలియాలి. పిన్ని మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పోయాడంటే ఏడ్చి ఊరుకునేదేమో. తప్పిపోయాడన్నారు కదా! తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోరూ, మళ్ళీ దొరకరూ? అందుకని గాజులు తియ్యలేదు, నల్లపూసలు తియ్యలేదు. మామగారు కొట్టును తెనాలికి మారుద్దామంటే ససేమిరా అంది. భర్త వచ్చి తలుపు తడితే ఎవరో తెలియనివాళ్ళు తీస్తారేమోనని ఆవిడ భయం. యుద్ధం అయిపోయింది, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, నేను పుట్టి బడికి కూడా పోతున్నాను. పిన్ని మాత్రం ఆ గుమ్మంలోనే ఉంది.

తెనాలిలో ఉండే ఆవిడ అన్నయ్య మళ్ళీ సంబంధం చూశాడు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. అవునో కాదో వచ్చి తేల్చి చెప్పమని కబురు పెట్టాడు. అవునంటే, భర్త చనిపోయాడని ఆవిడ తన నోటితో ఒప్పుకున్నట్టే. ఆ ప్రయాణానికి పిన్ని నన్ను తోడు తీసుకువెళ్ళింది. ఇంత లేని పిల్ల తోడేంటని మా అమ్మ నవ్వింది. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, వేమూరు దాటేదాకా పిన్ని నాకు ఒకటే పాఠం చెప్పింది. "తప్పిపోయావనుకో, నుంచున్నచోటే నుంచో. ఎవరు పిలిచినా కదలొద్దు. నేనే వచ్చి పట్టుకుంటా."

నోటిమాట ముహూర్తబలమన్నట్టు, తెనాలి స్టేషన్లో అదే జరిగింది. బెజవాడ నుంచి బండి వచ్చి ఆగింది, జనం మీద పడ్డారు, నా చెయ్యి జారిపోయింది. నేను అసలే మొండిఘటాన్ని. మంచినీళ్ళ పంపు పక్కన పాతేసినట్టు నిలబడ్డాను. సోడాలమ్మే అతను రమ్మన్నాడు, వెళ్ళలేదు. పోలీసాయన మీసం తిప్పి బెదిరించాడు, బెదరలేదు. ఒంటేలుకు వచ్చింది, అయినా కదల్లేదు. దాని ఫలితం ఏమైందో ఈ వయసులో నాచేత చెప్పించకండి. పిన్ని కాలుగాలిన పిల్లిలా స్టేషనంతా తిరిగి తిరిగి, చివరికి నన్ను చూసింది.

"నేను కదల్లేదు పిన్నీ" అన్నాను గర్వంగా. ఆవిడ నన్ను ఒళ్ళోకి లాక్కుని ప్లాట్‌ఫాం మీదే కూలబడింది. నేను దొరికినందుకే ఏడుస్తోందనుకున్నాను.

"నువ్వు నుంచున్నావు కాబట్టి దొరికావే. ఆయనకి నుంచోడానికి చోటేదే? పైన ఆకాశం, కింద నీళ్ళు."

అన్నేళ్ళూ దాచుకున్న ఏడుపంతా అంతమంది మధ్య ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. "అయితే మనమే వెళ్దాం పిన్నీ. వెతికేవాళ్ళే కదా వెళ్ళాలి" అన్నాను. ఆవిడ చెప్పిన పాఠాన్నే ఆవిడకు అప్పజెప్పాను, అంతకు మించి నాకేం తెలుసు?  పిన్ని లేచి కళ్ళు తుడుచుకుని, పంపు దగ్గర నా గౌను ఉతికి, అన్నయ్య ఇంటికి పోకుండా బాపట్ల బండి ఎక్కించింది.

బాపట్లలో జట్కా మాట్లాడి సూర్యలంక సముద్రానికి బయల్దేరాం. దారిలో దిగి పిన్ని ఒక పెద్ద పొట్లం నిండా మిరపకాయ బజ్జీలు కట్టించింది. నాకేననుకుని మురిసిపోయాను. తీరానికి వెళ్ళాక నాకు ఒక్కటే ఇచ్చి, మిగతావన్నీ ఒక్కొక్కటిగా అలల్లోకి వదిలింది. నేను బిక్కమొహం వేశాను. "ఆయనతోపాటు విమానంలో పోయిన ఆ పిల్లల అమ్మలు ఇంత దూరం రాలేరు కదే" అంది. తర్వాత చేతులు నీళ్ళలో తడుపుకుని గాజులు తీసింది. గాజులవాళ్ళ కోడలు కదా, ఒక్కటి కూడా చిట్లలేదు. నల్లపూసలతో కలిపి కొంగున ముడి వేసుకుంది. సముద్రంతో ఉర్దూలో ఏదో అంటూ మోకాళ్ళలోతుకు దిగింది. నాకు భయమేసి కొంగు పట్టుకుని వెనక్కి లాగాను. ఆవిడ నా వైపు తిరిగి, ఆయనతో అన్నదేంటో నాకు తెలుగులో చెప్పింది. "ఇక్కడున్నారన్నమాట. మీరు కదలొద్దు. నేనే వస్తా. తొందరేం లేదు."

మేము రేపల్లె చేరేసరికి మా అమ్మ వీధి మలుపులో నిలబడి ఉంది. నాకు రెండు తగిలాయి, పిన్నికి నాలుగు మాటలు పడ్డాయి. 

కొన్నాళ్ళకు ఆవిడ ఆ తెనాలి ఆయన్నే పెళ్ళి చేసుకుంది. చల్లగా కాపురం చేసుకుంది, పిల్లల్ని కంది, మనవల్ని ఎత్తుకుంది. పెళ్ళై వెళ్ళేలోగా ఒకసారి మా వీధి మీదుగా విమానం పోయింది. పిన్ని గుమ్మంలోకి వచ్చి, మలుపు వైపు తిరగకుండా, మాతోపాటు తలెత్తి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

మా ఆయన పోయాక కొన్నాళ్ళు నేను కూడా పిన్నిలాగే అయిపోయాను. స్కూటర్ చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలి గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. పోయినవాళ్ళ మీద బెంగ తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, తీరదు. అయితే వాళ్ళు ఫలానా చోట ఉన్నారని మనం ఖాయం చేసుకుంటే, ఆ బెంగకు కూర్చోవడానికి కాస్త పీట దొరుకుతుంది. ఇప్పటికీ వీధిలో స్కూటర్ ఆగితే నా ప్రాణం ఒక్కసారి గుమ్మం దాకా వెళ్ళి వస్తుంది. అప్పుడు వంటింట్లోంచే ఆయనతో అంటాను. "మీరు కదలకండి. నేనే వస్తా. తొందరేం లేదు, పొయ్యి మీద పాలున్నాయి."