పొద్దుటి దగ్గు, సాయంత్రం దగ్గు

ఒక్క దగ్గుమందుతో నా పరువునీ, ఒక మంచి మనిషి చేతినీ ఒకేసారి ఎలా పోగొట్టబోయానో చెబుతాను. చేయి దక్కింది. పరువు సంగతి మీరే చూద్దురుగాని.

అప్పట్లో బైలదిల్లా కొండల కింద ఒక ఇనుప గనుల టౌన్‌షిప్ ఆసుపత్రిలో కొత్త ఫార్మసిస్టుని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పట్టా ఇచ్చి మరీ పోగొట్టారు. మందుల కంపెనీ మనిషి కొత్త దగ్గుమందు తెచ్చి, దాని మీద అచ్చేసిన పరిశోధన పత్రం చేతిలో పెడితే గద్దించాను.

"ఇది తాగినవాళ్ల లెక్క ఉంది సరే, తాగనివాళ్ల లెక్కేది? దేనితోనూ పోల్చకుండా గొప్పదంటే ఎలా?"

ఆయన పత్రం మడిచి సంచిలో పెట్టుకుని, సీసాలు మాత్రం వదిలేసి వెళ్లాడు. ఆ రోజు నా నడకే మారిపోయింది.

అంతటితో ఊరుకుంటే ఈ కథెందుకు? పోల్చడమెలాగో నేనే చూపిస్తానన్నాను. ఈ కొత్తమందూ, ఎప్పుడూ ఇచ్చే పాతమందూ, రెండిట్లో ఏదిచ్చినా పరవాలేదన్నారు పెద్ద డాక్టరుగారు. పొద్దున ఓపీకి వచ్చినవాళ్లకి కొత్తది, సాయంత్రం వచ్చినవాళ్లకి పాతది ఇచ్చి, నోట్‌బుక్కులో రాసుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి కొత్తమందు వాళ్లు దగ్గడమే మరిచిపోయారు. పాతమందు వాళ్లు ఖళ్లుఖళ్లుమంటూనే ఉన్నారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

మందుల జాబితా తేల్చే మీటింగులో ఛాతీ విరుచుకుని లేచాను. "పాతమందు తీసేద్దాం సార్!"

"శాబాష్!" అన్నారు డాక్టరుగారు. జాబితాలో ఏది ఉంటే టౌన్‌షిప్ అంతా అదే తాగాలి మరి.

మూల కుర్చీలోంచి శ్రీకాకుళం మనిషి, హెడ్ నర్సు మరియమ్మగారు అడిగారు. "ఏటి బావూ, పొద్దున ఓపీకి ఎవులొస్తారు?"

"దగ్గున్నవాళ్లు."

"ఆపీసోళ్లు. మరి సాయంత్రం?"

"వాళ్లూ దగ్గున్నవాళ్లే సిస్టరమ్మా!"

"డూటీ దిగొచ్చిన క్రషరోళ్లు! రోజల్లా ఎర్రదుమ్ము మింగినోళ్ల దగ్గూ, ఫేను కింద కూకున్నోళ్ల దగ్గూ ఒకటేటి?"

నోట్‌బుక్కు మూసేశాను. అయినా నోరు ఊరుకుంటుందా? "ఒప్పుకున్నాను. కానీ కొత్తమందుతో ఏ ఇబ్బందీ లేదు. నిద్ర వస్తోందని ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు!"

ఆవిడ బయటికెళ్లి, మళ్లీ దగ్గుతో ఓపీ వరసలో నిలబడ్డ అప్పలరాజుని లాక్కొచ్చారు. అప్పలరాజు ఖనిజం మోసే బెల్టు పక్కన పనిచేస్తాడు. సెలవు రోజున పొద్దున వచ్చి కొత్తమందు పట్టుకెళ్లాడు.

"మర్నాడు అది తాగీసి డూటీకెల్లినాను బాబూ. బెల్టు పక్కనే కునికీసినాను. పక్కోడు కాలరట్టుకు లాగకపోతే సెయ్యి ఎల్లిపోయేదే."

"నాకు చెప్పలేదేం?"

"దగ్గు తగ్గిందా అన్నారు, తగ్గిందన్నాను. నిద్దరొచ్చిందా అని అడగనేదు కదా!"

నోట్‌బుక్కులో అతని పేరు పక్కన నేను రాసుకున్నది ఒక్కటే మాట: 'విజయం'.

"మరి ఆఫీసువాళ్లు కూడా చెప్పలేదే?" అన్నాను నీరసంగా.

"ఆపీసులో నిద్దరొచ్చిందని ఎవులు సెప్పుకుంటారు బావూ?" అన్నారు మరియమ్మగారు.

మీటింగంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా డాక్టరుగారే నవ్వారు. నేను మళ్లీ లేచి, ఇందాకటికి రెట్టింపు గొంతుతో "పాతమందు ఉంచాల్సిందే సార్!" అన్నాను. ఉంచారు. ఒక్క పూటలో రెండు వైపులా వాదించి గెలిచినవాడిని ఆ కొండల కింద నన్నే చూశారు. ఆ గెలుపు ఆనందం మాత్రం నిజం. అప్పలరాజు నిద్ర తెప్పించని పాతమందు సీసా పట్టుకుని డ్యూటీకి వెళుతుంటే గేటుదాకా సాగనంపాను.

ఆనాడే నిండు ఫార్మసీలో, సమస్త సీసాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎంత గొప్ప పరిశోధనైనా సరే, మందు తాగిందెవరో, తాగి ఏ పనికి వెళ్లారో అడగకుండా నమ్మను. అది నేను చేసిందైతే, అడిగినా నమ్మను.