ఎడపల్లి పెళ్లిలో ఆగిన పాట

పోయిన నెల మా కూతురి బిడ్డ పాడిన మొదటి పాట విడుదలైంది. విడుదలంటే మన ఈడు వాళ్లు అనుకునే రికార్డూ, క్యాసెట్టూ కాదు. పొద్దున ఫోన్లో కనిపించింది, మధ్యాహ్నానికి చుట్టాలందరి ఫోన్లలోనూ మోగింది. ఆ ఆదివారం నిజామాబాద్‌లో కూతురింట్లో అందరం కలిశాం. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పుట్టిన రెగె అనే పాత బాణీని ఇప్పటి పాప్‌తో కలిపానని పిల్ల చెప్పింది. దరువు పడుతుందనుకున్న చోట గిటార్ ఊరుకుంటుంది, ఆ వెనక సందులో తెగ్గొట్టినట్టు పలుకుతుంది. మా మేనబావ తలూపుతూ విని, "పాటంటే గిది. కొత్తగున్నది బిడ్డా" అన్నాడు. ఆ మాట విని నేను చాయ్ కప్పు కింద పెట్టేశాను.

ఎందుకంటే ఆ దరువును నేను పెళ్లి కాకముందే బోధన్‌లో, మా ఇంటి అరుగు మీద విన్నాను. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసేవాడు. గానుగ ఆడే రోజుల్లో ఎడపల్లి దిక్కు నుంచీ రెంజల్ దిక్కు నుంచీ వచ్చిన బండ్లు మా వీధి దాకా బారులు తీరేవి, కట్టుకున్న బట్టలకు కూడా చెరుకు మడ్డి వాసన పట్టేది. అలాంటి రోజుల్లోనే దుబాయి పోయిన మా అన్న తిరిగొచ్చాడు. అందరూ బంగారమూ సెంటు సీసాలూ తెస్తే అతను ఒక గిటార్, కొన్ని క్యాసెట్లు తెచ్చాడు. అక్కడ పనివాళ్ల క్యాంపులో పక్క మంచం మీది ఆఫ్రికా మనిషి ఆ పాటలు వినిపించి, చెయ్యి పట్టి వాయించడం నేర్పాడట. ఫ్యాక్టరీ గేటు ముందు పగలంతా ఎదురుచూసే బండ్లవాళ్ల మీద అన్న ఒక పాట కట్టి, ఆ దరువులో కూర్చి, నా చేత పాడించాడు. రొట్టెలు చేస్తూ విన్న అవ్వ, "గీ పాటకు ఊగబుద్ధయితది గని ఉరుకబుద్ధి కాదు" అంది. అంతకంటే మంచి మెప్పు మాకు మళ్లీ దొరకలేదు.

మేనబావకు అప్పుడు పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా ఉండేది. అన్న బతిమాలగా బతిమాలగా, ఎడపల్లిలో ఒక పెళ్లికి మమ్మల్ని తీసుకుపోయి, భోజనాల వేళ ఒక్క పాటకు ఒప్పుకున్నాడు. మొదటి చరణం పూర్తి కాకముందే పందిట్లో ఎవరో నవ్వారు, పెళ్లిపెద్దలు సినిమా పాట కావాలన్నారు. బావ వచ్చి నా చేతిలోని మైకు తీసుకుని, "ఏం దరువురా గిది, కుంటోడు నడిసినట్టున్నది" అన్నాడు. పందిరంతా నవ్వింది.

"కుంటుడు కాదు బావా, ఆగి అడుగేసుడు" అన్నాడు అన్న మెల్లగా. మైకు బావ చేతిలో ఉంది కనుక ఆ మాట నాకూ బావకూ తప్ప ఎవరికీ వినబడలేదు. బావ వంగి గిటార్ వైరు పీకేశాడు.

అన్న మళ్లీ గిటార్ ముట్టలేదు. ఫ్యాక్టరీలో చెరుకు నలిపే యంత్రాల దగ్గర పనికి కుదిరి, ఆ హోరులో ఏళ్లకేళ్లు నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడేనాటికి వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. నన్ను చందూర్‌లో ఇచ్చారు. అక్కడ నా గొంతు మంగళహారతులు దాటి పోలేదు.

ఆ ఆదివారం అన్న కూడా ఉన్నాడు, గోడ వారన కుర్చీలో. పిల్ల ఫోను అతని చెవి దగ్గర పెట్టి, ఎట్లుంది తాతా అని అడిగింది. ఆమె పెదవులు చూసి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. ఒక్క ముక్క కూడా వినబడలేదని నాకు తెలుసు. బావ ఆ పక్కనే, సంగీతం మా వంశంలోనే ఉందని చుట్టాలకు చెప్పుకుపోతున్నాడు. ఎడపల్లి అతనికి నిజంగానే గుర్తులేదనుకుంటాను. ఏదో కక్షతో చేశాడనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. గుర్తుపెట్టుకునేంత పని కూడా కాలేదతనికి.

అందరూ వెళ్లాక పిల్లకు అంతా చెప్పాను. ఆ పాట తనకు కావాలంది, తాత కట్టిందని చెప్పి మరీ పాడతానంది. నాకు పల్లవి తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకా ఆ కుర్చీలోనే ఉన్న అన్నకు ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా ఒక్కో మాటే పలుకుతూ చరణాలు అడిగాను. అన్న చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పోనియ్యి చెల్లె. అది గా పందిట్లనే అయిపోయింది."

ఇప్పుడు పాడేవాళ్లకు ఎవరి పందిరీ అక్కర్లేదు. మా మనవరాలు తన గదిలో తలుపు వేసుకుని పాడింది. వైరు పీకేవాడు లేడు, నచ్చనివాడు వేలితో పక్కకు తోసుకుపోతాడు, అంతే. ఆమెకు ఈ రోజులు దక్కినందుకు నాకు సంతోషమే. కానీ కాలం మారిందని నలుగురూ అంటే తలూపలేకపోతున్నాను. అప్పుడు నవ్విన చెవులే ఇప్పుడు మెచ్చుకుంటున్నాయి. వినవలసినవాడికి మాత్రం వినబడదు.