భరణి నాడు వెలగని పొయ్యి

నా చిన్నప్పుడు తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే బస్సులన్నీ కనకమ్మ సత్రం కూడలిలో మా పెద్దమ్మ టిఫను అంగడికి ఎదురుగా ఆగేవి. కూడలి అంటే ఇప్పటిలా ఊహించుకోకండి. నాలుగు అంగళ్ళు, ఒక సైకిలు షాపు, ఎరువుల మూటలు దింపుకునే గోడౌను, అంతే. మా ఊరు పొదటూరుపేట పక్కన ఉన్న చిన్న పల్లె. అక్కడ బడి అయిదో తరగతితో ఆగిపోయేది. మా పెద్దమ్మకు పిల్లలు లేరు. పాపను నా దగ్గర పెట్టండి, నేను చదివించుకుంటానని మా అమ్మతో చెప్పి నన్ను తెచ్చుకుంది. పొద్దున ఇడ్లీ పాత్రలు కడిగి బడికి పోయేదాన్ని, సాయంత్రం వచ్చి కొబ్బరి కోరేదాన్ని. కష్టమనుకుంటారేమో, నాకైతే ఆ బతుకు బ్రహ్మాండంగా ఉండేది. మా ఊళ్ళో ఉంటే రోజూ వేడి వడ ఎవరిస్తారు?

మా పెద్దమ్మ చూడడానికి మొండి మనిషి, మనసు మాత్రం మెత్తన. లేదు అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. ఒకరు దోసె అడిగితే దోసె, ఇంకొకరు పూరీ అంటే పూరీ, మధ్యలో ఎవరో సేమ్యా అడిగితే దానికీ నీళ్ళు పెట్టేది. దోసె పెనం ఒక్కటే, దాని మీద ఒకేసారి రెండు దోసెలు పడతాయి. దాని ముందు జనం నిలబడి బస్సు వైపు చూస్తూ ఉండేవాళ్ళు. కండక్టరు విజిలు వేయగానే సగంమంది తినకుండానే పరిగెత్తేవాళ్ళు. మా పెదనాన్న కాఫీ కలిపేవాడు, మిగిలిన సమయమంతా దిగులుపడేవాడు. దిగులుపడడంలో ఆయనను మించినవాళ్ళు మా చుట్టాల్లో ఎవరూ లేరు.

ఇక ఆడికృత్తిక, తమిళుల ఆడి నెలలో తిరుత్తణి స్వామికి వచ్చే పండగ. ఆ రోజుల్లో తిరుత్తణి కొండకు కావడి ఎత్తుకొని జనం నడిచిపోయేవాళ్ళు. ఇప్పుడూ పోతారు, కానీ అప్పుడు రోడ్డే కనిపించేది కాదు. ముందురోజు భరణి నాడు పొద్దున నుంచే పసుపు గుడ్డలు, నెమలి ఈకల కావడులు, అరోహరా అనే కేక. అంత జనం మన అంగడి ముందు నుంచే పోతుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మా వాళ్ళకూ అదే అనిపించింది. నేను వచ్చిన మొదటి ఏడాది మామూలు కంటే నాలుగింతలు పిండి రుబ్బారు. భరణి నాడు తెల్లవారేసరికి ఇడ్లీలు గుట్టలుగా పోశారు. జనం వచ్చారు, పోయారు. ఇడ్లీ మాత్రం ఎవరూ ముట్టలేదు. మధ్యాహ్నానికి పిండి పులిసి పొంగి గిన్నెల మీద నుంచి కారింది. సాయంత్రం గోడౌను ఎద్దులు మా ఇడ్లీలు తిన్నాయి. చట్నీలో ఉప్పు తగ్గిందని పెదనాన్న అన్నాడు. ఆ మాటకు పెద్దమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి ఏడాది ఆడి నెల వచ్చేసరికి పరిస్థితి మరీ బిగిసింది. అంగడి ఓనరు తిరువళ్లూరులో ఉండేవాడు. ఒకరోజు వచ్చి బెంచీ మీద కూర్చొని, కాఫీ తాగి, పండగ కాగానే ఏడాది బాడుగ మొత్తం ఒకేసారి కట్టాలని చెప్పాడు. కట్టలేకపోతే పరోటా అంగడి పెట్టే ఆయన ఒకడు సిద్ధంగా ఉన్నాడట, అతనికి ఇచ్చేస్తాడట. కోపంగా కూడా చెప్పలేదు, నవ్వుతూనే చెప్పాడు. అంగడి పోతే పెద్దమ్మవాళ్ళు వేరే ఊరికి కూలికి పోవాలి. నేను మా పల్లెకు పోవాలి, నా చదువు అంతటితో సరి. ఆ సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. పెద్దమ్మ ఆ రాత్రి నా తల దువ్వుతూ మామూలు కంటే మెల్లగా దువ్వింది. నాకు అర్థమయి ఏడుపొచ్చింది.

పండగ ఇంకా కొన్ని రోజులుందనగా పెదనాన్న మినప్పప్పు మూట ముందు నిలబడి, ఈసారి ఎన్ని శేర్లు నానబోయాలి, పోయిన ఏడాది కంటే తగ్గిద్దామా, అంతే ఉంచుదామా అని అడిగాడు. పెద్దమ్మ విస్తరాకులు తుడుస్తూ తల ఎత్తకుండానే, "భరణి నాడు నువ్వేం తింటావు?" అని అడిగింది.

"నేనేం తింటాను? ఉపవాసం కదా. సామిని చూసుకునేదాకా నీళ్ళు తప్ప ఏమీ లేదు," అన్నాడు ఆయన.

"నేను?"

"నువ్వూ అంతే."

"మీ అన్న? మా తమ్ముడు? ఈ వీధిలో కావడి ఎత్తేవాళ్ళంతా?"

పెదనాన్న మూట మూతి మళ్ళీ కట్టేశాడు. తరవాత మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. మా ఇంట్లో అందరం కడుపు కట్టుకొని స్వామి పేరు చెప్పుకుంటూ, మాలాంటివాళ్ళకే నాలుగింతల ఇడ్లీ పోసి పెట్టుకున్నామన్న సంగతి ఆ క్షణం దాకా మాలో ఎవరికీ తట్టలేదు. జనాన్ని చూశాం కానీ వాళ్ళ ఆకలిని చూడలేదు. నాకు నవ్వు వచ్చింది. పెద్దమ్మ కూడా నవ్వింది. చివరికి పెదనాన్న కూడా నవ్వాడు, అది చాలా అరుదు.

ఆ మధ్యాహ్నమే ఆమె తన లెక్క చెప్పింది. భరణి నాడు పొయ్యి వెలిగించేది లేదు. పోయేవాళ్ళకు పసుపు, వేపాకు వేసిన నీళ్ళు కాళ్ళ మీద పోస్తాం, దాహానికి తాగే నీళ్ళిస్తాం. స్వామిని చూసి, గుండు కొట్టించుకొని లారీల్లో తిరిగి వచ్చేవాళ్ళకు మరుసటిరోజు టిఫను పెడతాం. అది కూడా ఒకే రకం, మిరియాల పొంగలి. ఇడ్లీ లేదు, దోసె లేదు, పూరీ లేదు. దోసె లేని హోటలును లోకం మీద ఎవరైనా చూశారా అని పెదనాన్న గొడవపడ్డాడు. దోసె పెనం ముందు లారీ నిలబడుతుందా అని ఆమె అడిగింది. పొంగలైతే గరిటెతో ఆకులో వేస్తే సరి, ఒక గుండిగ సగమయ్యేసరికి ఇంకో గుండిగ పొయ్యి మీదికి ఎక్కుతుంది, అడిగేవాళ్ళు లేకపోతే ఎక్కదు. పులిసిపోయే పిండి లేదు. కాళ్ళకు పోసే నీళ్ళకు ఒక పైసా పెడదామా అని ఆయన మళ్ళీ గొణిగాడు. మా పెద్దమ్మకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "ఆ నీళ్ళు సామికి. పొంగలి యాపారం. ఆ రెండూ కలిపినావంటే నేనీ అంగట్లో ఉండను," అంది. ఆయన ఇక ఆ ఊసెత్తలేదు.

భరణి నాడు నీళ్ళు పోసే పని నాది. వెనక బావిలో నుంచి పెదనాన్న తోడి తొట్టి నింపుతుంటే, నేను చెంబుతో ముంచి కాళ్ళ మీద పోసేదాన్ని. ఎండకు కాలిన తారు రోడ్డు మీద నడిచి వచ్చిన పాదాలు, కొన్ని బొబ్బలెక్కినవి, కొన్ని నా చేతికంటే చిన్నవి. చల్లటి నీళ్ళు పడగానే ఆ ముఖాలు ఎట్లా విచ్చుకునేవో ఇప్పటికీ నా కళ్ళకు కనిపిస్తాయి. పెద్దమ్మ ఊరికే నిలబడలేదు. ప్రతి గుంపు పెద్దనూ అడిగేది: కొండ ఎప్పుడు దిగుతారు, దేంట్లో వస్తారు, ఎంతమంది? లారీ మాట్లాడుకున్నామని చాలామంది చెప్పారు. ఎవరు ఎప్పుడు వస్తామన్నారో గుర్తుపెట్టుకోవడం కూడా నా పనే. పాలకుండల గుంపు తెల్లవారాక, నెమలి ఈకల గుంపు ఎండ ముదిరాక, డప్పుల గుంపు మధ్యాహ్నం అని నేను మనసులో వల్లించుకుంటూ నీళ్ళు పోశాను. డప్పుల గుంపుకు పెద్దగా ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన తమిళంలో నన్ను దీవించి, మాది తెలుగని తెలియగానే తానూ తెలుగులోకి దిగాడు. ఎవర్రా ఈ పాప, నీళ్ళు పోసినట్టు లేదు, పాలు పోసినట్టుండాది అన్నాడు. నేను ఆ రోజంతా గాలిలో తేలాను.

మధ్యాహ్నం మా ఓనరు కుటుంబంతో కారులో కొండకు పోతూ మా ముందు ఆపి దిగాడు. ఆరిన పొయ్యి చూశాడు, బోర్లించిన పెనం చూశాడు, రోడ్డు నిండా జనాన్ని చూశాడు. "ఏమమ్మా, ఇంత జనం పోతాంటే పొయ్యి కూడా ముట్టించలేదే. ముందే చెప్పుంటే పరోటా ఆయన ఈ పండగకే వచ్చుండును కదా," అన్నాడు. పెద్దమ్మ ఆయన కాళ్ళ మీద కూడా నీళ్ళు పోయమని నాకు సైగ చేసింది. పోశాను. చెప్పొద్దూ, కొంచెం గట్టిగానే పోశాను.

కృత్తిక నాడు తెల్లవారకముందే మొదటి గుండిగ పొయ్యెక్కింది. మిరియాలు, జీలకర్ర నేతిలో వేగిన వాసన కూడలి దాటి పోయింది. మొదటి లారీ వచ్చింది. లారీ నిండా గుండ్లు, గుండ్ల మీద చందనం. మేము ముగ్గురం గుమ్మంలోకి వచ్చాం. లారీ ఆగకుండా పోయింది. రెండోది కూడా పోయింది. పెదనాన్న పొయ్యిలో కట్టె ఒకటి వెనక్కి లాగాడు. పెద్దమ్మ గుండిగ మూత తీసి చూసి మూసింది, మళ్ళీ తీసి చూసింది. ఆమె భయపడడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు ఏం తోచిందో, నిన్నటి చెంబు తీసుకొని రోడ్డు అంచుకు పోయి నిలబడ్డాను.

మూడో లారీలో పాలకుండల గుంపు ఉంది. నన్ను చూసి పైనుంచి ఎవరో లారీ తలుపు మీద చరిచారు. లారీ కొంచెం ముందుకు పోయి ఆగింది. "నీళ్ళు పోసిన పాప కదా! దిగండి, ఇక్కడే తిందాం," అని కేక. ఒక్కసారిగా గుండ్లన్నీ కిందికి దిగాయి. ఆ తరవాత నాకు వరుస గుర్తులేదు. ఆకు, పొంగలి, సాంబారు, ఆకు, పొంగలి, సాంబారు. రెండు రోజుల ఉపవాసం మీద ఉన్నవాళ్ళు తింటుంటే మాటలుండవు, అంగడి నిండా మనుషులున్నా గుడిలో ఉన్నంత నిశ్శబ్దం. ఎవరో దోసె అడిగితే, "దోసె లేదు సామీ, పొంగలి వేడిగా ఉండాది," అని చెప్పింది పెద్దమ్మ. తినడానికి వచ్చినవాళ్ళతో ఆమె లేదు అనడం జన్మలో మొదటిసారి విన్నాను. డ్రైవరు కాఫీ తాగడం ముగిసేలోపు లారీ మొత్తం తిని ఎక్కేసింది. డ్రైవర్లకు అంతకంటే ఏం కావాలి? కూడలిలో ఆగితే ఆలస్యం కాదని ఒకరికొకరు చెప్పుకున్నారు. నెమలి ఈకలవాళ్ళు వచ్చారు, డప్పులవాళ్ళు డప్పు కొడుతూనే దిగారు. నిన్న చెప్పిన వేళలను బట్టి నేను ముందుగానే అరిచేదాన్ని, పెదనాన్న గుండిగ ఎక్కించేవాడు. ఆయన దిగులుపడడానికి ఆ రోజు సమయం దొరకలేదు.

పొద్దు వాలాక ఆఖరి గుండిగలో అడుగు కనిపిస్తుండగా మా ఓనరు కారు ఆగింది. ఆయనకూ గుండు, ఆయనకూ చందనం. కొండ మీద రద్దీలో ఏమీ దొరకలేదట. వచ్చి కూర్చున్నాడు, రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు. తిని చెయ్యి కడుక్కొని లేచి పోబోతుంటే, మా పెద్దమ్మ పొంగలి దుడ్డు అడిగి తీసుకుంది. తీసుకొని డబ్బాలో వేసింది. అప్పుడు కొంగు ముడి విప్పి ఏడాది బాడుగ ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుండు తడుముకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే, "పక్క గది కూడా ఖాళీగా ఉండాది కదయ్యా. అది కూడా మాకే ఇవ్వండి," అంది. నేను చెంబు పట్టుకొని అక్కడే ఉన్నాను. నా చదువు నిలబడిందని నాకు అప్పుడు తెలిసింది. బావి దగ్గరకు పోయి, ఎవరూ చూడకుండా గెంతులు వేశాను.

పక్క గది వచ్చింది. మరుసటి ఏడాది నుంచి మామూలు రోజుల్లో కూడా ఆమె మూడు రకాలకు మించి వండలేదు. దోసెను బస్సులు లేని వేళకు మార్చింది. నేను అక్కడే ఉండి పది దాకా చదివాను.

పెళ్ళయి గుమ్మిడిపూండి వచ్చాక, ఫ్యాక్టరీల దగ్గర మెస్సు పెడదామని నేను అంటే, పొద్దున రైలు దిగి పనికి పోయేవాళ్ళకు ఇడ్లీ పెట్టు, వాళ్ళే గుంపులుగా ఉంటారని అందరూ సలహా ఇచ్చారు. నేను ముందు పొయ్యి కొనలేదు. పోయి గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి పోయేవాళ్ళ చేతుల్లో ఇంటి క్యారియర్లున్నాయి, కాళ్ళలో తొందర ఉంది. రాత్రి షిఫ్టు దిగి బయటికి వచ్చేవాళ్ళ చేతులు ఖాళీ. మనకది పొద్దున, వాళ్ళకది రాత్రి భోజనం వేళ. అందుకే తెల్లవారగానే అన్నం, సాంబారు, రసం పెట్టాను. పొద్దునే అన్నమా అని వీధిలో నవ్వారు. నవ్వినవాళ్ళలో ఇద్దరు తరవాత నా దగ్గరే పనికి చేరారు. ఇప్పుడు మాకు మూడు మెస్సులు. లెక్కలు మా కోడలు చూస్తుంది, నెలనెలా ఫోనులో రంగురంగుల గీతలు చూపిస్తుంది. తెలివైన పిల్ల, ఆమె గీతల మీద నాకు గౌరవమే.

కానీ ఫ్యాక్టరీ షిఫ్టు వేళలు మారాయని తెలిస్తే చాలు, నేను చీర చెంగు దోపుకొని గేటు దగ్గరికి పోతాను. మోకాళ్ళు నొప్పి, ఇంట్లో ఉండత్తా అని కోడలు వెనక నుంచి అరుస్తుంది. అరవనీ. సైరన్ మోగుతుంది, గేటు తెరుచుకుంటుంది, బయటికి వచ్చే ఒక్కొక్క ముఖాన్ని చూస్తాను. ఇంటికి వచ్చి, రేపు ఎంత బియ్యం పోయాలో చెబుతాను. ఇన్నేళ్ళలో మా అన్నం మిగిలిన పొద్దు లేదు.